తల్లి నోట విన్న భాగవతము: ఆదిభట్ల నారాయణదాసుగారి జీవితము

ఆంధ్రదేశమున హరికథ యనగానే పెద్దల స్మృతికి మొట్టమొదట వచ్చు పేరు శ్రీమదజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారిది. కాళ్లకు గజ్జెలు, చేత చిడతలు, మెడలో పూలదండ, సభ చివరనున్న వానికిని వినవచ్చు గంభీరకంఠము: ఈ రూపముతో వారు నిలిచినపుడు జనము ప్రొద్దెరుగక కూర్చుండెడివారని తాతలు చెప్పగా మనుమలు వినిరి. సంగీతము, సాహిత్యము, నృత్యము, అభినయము, హాస్యము ఒక్క వ్యక్తియందు కూడియుండుటచే వారిని హరికథాపితామహు లని లోకము కొనియాడినది. చేతులు, పాదములు, కంఠము వేర్వేరు తాళములను నడుపుచుండ, అన్నింటిని ఒక్కచోట కలిపి ముగించెడి వారి లయజ్ఞానమును విద్వాంసులు ఇప్పటికిని ఆశ్చర్యముతో చెప్పుకొందురు.

ఈ వ్యాసమున వారి బిరుదులకంటె వారి తొలి అయిదారేండ్ల కథకు ఎక్కువ చోటు ఈయబడినది. ఫలించిన చెట్టును చూచువారు కాయలను లెక్కింతురు గాని మొలకకు నీరు పోసిన చేతిని తలంపరు. పేదయింట పుట్టి, తొలిప్రాయమున బడిచదువునకు నోచుకొనని ఒక బాలునితో ఎవరు మాటాడిరి, ఎవరు పాడి వినిపించిరి, అతడు అడిగినపుడు ఎవరు బదులు పలికిరి అను ప్రశ్నలు చిన్నవిగ తోచును. కాని ఆ బాలుని బుద్ధి వికసించిన మార్గము ఈ ప్రశ్నలలోనే ఉన్నది. పసిబిడ్డలున్న ప్రతి యింటికిని ఈ మార్గము నేటికిని తెరచియే ఉన్నది.

నారాయణదాసుగారు 1864వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన, రక్తాక్షి నామ సంవత్సర శ్రావణమాసమున, బొబ్బిలి ప్రాంతపు అజ్జాడ గ్రామమున జన్మించిరి. ఆ గ్రామము నేడు పార్వతీపురం మన్యం జిల్లా, బలిజిపేట మండలములో చేరియున్నది. తండ్రి వేంకటచయనులుగారు, తల్లి లక్ష్మీనరసమ్మగారు. తలిదండ్రులు బిడ్డకు పెట్టిన పేరు సూర్యనారాయణ. నారాయణదాసు అనునది తరువాతి కాలమున హరిదాసుగ లోకమునకు తెలిసిన పేరు.

ఆ యింట విద్యాసంస్కారము కలదు గాని ధనము లేదు. బిడ్డలందరిని వేళకు బడికి పంపి చదివించు స్తోమత ఆ కుటుంబమునకు లేకపోయెను. కావున తోటి బాలురు కొందరు పలక పట్టుకొని బడికి పోవు వయసున సూర్యనారాయణకు ఇల్లే బడి యయ్యెను. తల్లియే తొలి గురువయ్యెను.

ఆ కాలపు ఇండ్లలో పద్యము పుస్తకమునందుకంటె మనుష్యుల నాలుకపైననే ఎక్కువగ నివసించెడిది. తెల్లవారుజామున మజ్జిగ చిలుకుచు ఒక పద్యము, తిరుగలి త్రిప్పుచు ఒక పాట, దీపము పెట్టుచు ఒక స్తోత్రము, బిడ్డను జోకొట్టుచు ఒక కథ. ఇవి పాఠములని ఆ తల్లులు అనుకొనలేదు, అక్షరాభ్యాసమునకు పూర్వమే బిడ్డ చెవిలో భాష యొక్క నడక, విరుపు, ప్రాస, కథ యొక్క మొదలు తుద కుదురుకొనుచున్నవని వారు శాస్త్రము చదివి తెలిసికొనలేదు. వారికి బిడ్డ ఒడిలో ఉన్నాడు, నోట పద్యమున్నది, అంతియే.

లక్ష్మీనరసమ్మగారి నోట పోతనామాత్యుని భాగవతపద్యములుండెను. ఆమె పాడుచుండగా బాలుడు వినెను. విని తిరిగి పలికెను. అయిదేండ్ల ప్రాయము నాటికే పెక్కు భాగవతపద్యములు అతనికి కంఠస్థములైనవని వారి చరిత్రకారు లందరును చెప్పుదురు. ఈ విషయమును చదువువారు బాలుని ధారణాశక్తికి ఆశ్చర్యపడి ఆగిపోవుదురు. ఆగక ఒక్క అడుగు ముందునకు వేయవలెను. పద్యము చెవిని పడినంత మాత్రమున బిడ్డ నేర్చుకొనడు. బిడ్డ ముద్దుముద్దుగ పలికిన తప్పుమాటను విని నవ్వి, సరియైన మాటను మరల పలికి వినిపించు పెద్ద మనిషి ఎదుట ఉండవలెను. ఆ పెద్ద మనిషి కన్నులలో సంతోషము బిడ్డకు కనబడవలెను. అప్పుడే రెండవసారి పలుకవలె నను కోరిక పుట్టును.

నారాయణదాసుగారి బాల్యమును గూర్చి ఆ సీమలో ఒక కథ ప్రసిద్ధముగ ఉన్నది. ఒకప్పుడు తల్లి బాలుని వెంటబెట్టుకొని పుణ్యక్షేత్రమునకు పోయెను. అచ్చట ఒక పుస్తకముల అంగడి కనబడగా బాలుడు తనకు భాగవతము కొని యిమ్మని తల్లిని అడిగెను. అంగడివాడు ఆ పసివానిని చూచి, ఇంత చిన్నవానికి అంత పెద్ద గ్రంథ మెందులకని పరిహసించెను. అంతట బాలుడు తడబడక భాగవతపద్యములను రాగయుక్తముగ వరుసగ చదివి వినిపించెను. అంగడివాడు మిక్కిలి సంతసించి గ్రంథమును ఉచితముగ ఇచ్చుటయే గాక కొంత ద్రవ్యమును కూడ బహుమానముగ ఇచ్చెనని చెప్పుదురు.

ఈ కథలో అంగడివాని ఔదార్యము అందరికిని కనబడును. తల్లి ప్రవర్తనము కూడ గమనింపదగినది. చేత డబ్బు లేని తల్లి, పిల్లవాడు విలువైన వస్తువును కోరినపుడు చేయి పట్టి లాగికొని పోవుట లోకసహజము. ఈ తల్లి బిడ్డను అంగడి ముందు నిలువనిచ్చెను, అడుగనిచ్చెను, పలుకనిచ్చెను. ఇంట తన మాటకు విలువ కలదని ఎరిగిన పిల్లవాడే అన్యుని యెదుట గొంతు విప్పగలడు. తరువాతి కాలమున రాజసభలలో, పండితగోష్ఠులలో ఇసుమంతయు జంకు లేక నిలిచిన హరిదాసునకు ఆ యంగడియే మొదటి సభ యనిన తప్పు కాదు.

పసితనమున పెద్దల మాటచేత, స్పర్శచేత, ప్రతిస్పందముచేత బిడ్డ మనస్సు రూపొందు విధమును ఇరువదవ శతాబ్దమున పలుదేశముల విద్వాంసులు శ్రద్ధతో పరిశోధించిరి. 1980వ సంవత్సరమున ప్రకటితమైన ఒక పరిశోధనలో, పుట్టి మూడు దినములు నిండని శిశువులు సైతము పరస్త్రీ కంఠముకంటె తల్లి కంఠమునే వినగోరుదురని తేలినది. గర్భమున ఉండగనే తల్లి స్వరము శిశువునకు పరిచితమగుచున్నదని దీనివలన విద్వాంసులు గ్రహించిరి. గర్భస్థుడైన ప్రహ్లాదుడు నారదుని బోధను విన్నాడన్న కథ భక్తి విషయము. శాస్త్రము దానిని రుజువు చేయబూనలేదు. అయినను బిడ్డ చెవి భూమిపై పడుటకు ముందే మేల్కొనునని మన పూర్వులు తలపోసిన తలపు వ్యర్థము కాదని మాత్రము చెప్పవచ్చును.

అమెరికాలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అను మనస్తత్త్వవేత్త 1970ల దశకమున వేరొక పరీక్ష చేసెను. తల్లి తన పసిబిడ్డతో నవ్వుచు మాటాడుచుండవలెను. అంతలో కొద్ది నిమిషములపాటు ముఖమున ఏ కదలికయు లేక, మాట లేక, బిడ్డను ఊరక చూచుచు కూర్చుండవలెను. బిడ్డ మొదట నవ్వును, తరువాత చేతులు చాచును, కూతవేయును, తల్లిని తిరిగి తనవైపు త్రిప్పుకొనుటకు తనకు తెలిసిన విద్యలన్నియు ప్రయోగించును. ఫలము లేకున్న ముఖము త్రిప్పుకొని కలత చెందును. తల్లి ఎదుటనే ఉన్నది, ఒడి దూరము కాలేదు. అయినను బదులు లేని సన్నిధి బిడ్డకు సన్నిధి కాదు. ఈ సంగతి మాటలు రాని నెలల పిల్లలయందే కనబడుట విశేషము.

రష్యాదేశపు విద్వాంసుడు వైగోట్‌స్కీ, 1896లో పుట్టి 1934లో అల్పాయుష్కుడై మరణించినవాడు, బిడ్డ తెలివి మొదట ఇద్దరు మనుష్యుల నడుమ పుట్టి తరువాత బిడ్డ లోపలికి పోవునని సిద్ధాంతీకరించెను. బిడ్డ ఒంటరిగ చేయలేని పనిని పెద్దవాని చేయూతతో నేడు చేయును. రేపు తానే చేయును. పద్యపాదమును తల్లి సగము పలికి ఆగగా తక్కిన సగమును బిడ్డ పూరించుట మన ఇండ్లలో అందరికిని తెలిసిన ఆటయే. ఆ సిద్ధాంతమునకు ఇంతకంటె సులభమైన ఉదాహరణము దొరకదు.

2018వ సంవత్సరమున అమెరికాలో నాలుగు మొదలు ఆరేండ్ల వయసు గల బాలురను, బాలికలను పరీక్షించిన కొందరు శాస్త్రవేత్తలు మరియొక అంశమును ప్రకటించిరి. పెద్దలతో మాటకు మాట ఎక్కువగ సాగించిన పిల్లలు కథ వినునపుడు వారి మెదడులోని భాషాస్థానము ఎక్కువగ చురుకుదేరుచున్నది. పెద్దలు ఏకధాటిగ ఎన్ని మాటలు కుమ్మరించిరన్న లెక్కకంటె, బిడ్డయు పెద్దయు ఎన్నిసార్లు ఇచ్చిపుచ్చుకొనిరన్న లెక్కయే ముఖ్యముగ కనబడెను. తలిదండ్రుల సంపదను, చదువును వేరుచేసి చూచినను ఈ సంబంధము నిలిచెను. పేదయిల్లు మాటలకు పేద కానక్కరలేదని అజ్జాడలోని ఆ యింటి కథ నూటయేబది యేండ్లకు పూర్వమే చూపినది.

ఇచ్చట ఒక సందేహము పుట్టుట సహజము. నారాయణదాసుగారి ప్రతిభ పూర్వజన్మసుకృతము, దైవదత్తము. తల్లి పద్యములు పాడినందున ప్రతి బిడ్డయు అట్టివాడగునా యని అడుగవచ్చును. కాడు. ఆ తల్లి కడుపున పుట్టిన తక్కిన బిడ్డలును ఆ పద్యములను వినియే యుందురు. అయినను వారందరును నారాయణదాసులు కాలేదు. విత్తనములోని సత్త్వమును ఎవరును పోయలేరు. కాని ఎంతటి విత్తనమైనను ఎండినేలపై పడియున్న మొలకెత్తదు. తల్లి మహాకవిని సృష్టింపదు. బిడ్డయందు ఏది యున్నదో అది బయటికి వచ్చుటకు దారి విడుచును. ఆ దారి మూసికొనిపోయిన బిడ్డలెందరో లోకమునకు తెలియకయే పోయిరి. వారి లెక్క ఏ చరిత్రలోను వ్రాయబడలేదు.

తల్లి తెరచిన దారిలో బాలునకు తరువాత మరికొందరు పెద్దలు ఎదురైరి. వైణికుడైన వాసా సాంబయ్యగారు బాలుని కంఠమును విని మెచ్చి బొబ్బిలిలో సంగీతపు తొలిపాఠములు చెప్పిరి. అటుపిమ్మట అన్నగారి యింట ఉండి విజయనగరమున ఇంగ్లీషు చదువునకు పూనుకొనిరి. ఆలస్యముగ మొదలైన చదువు గావున 1886లో, ఇరువదిరెండవ యేట, మెట్రిక్యులేషన్ పరీక్షయం దుత్తీర్ణులైరి. ఆ 1886వ సంవత్సరముననే విశాఖపట్నమున మంతిన ఆదినారాయణమూర్తిగారు సరస్వతీనిలయ మను గ్రంథాలయమును స్థాపించుట గ్రంథాలయాభిమానులు స్మరింపదగిన విషయము. ఇంట పుస్తకము లేని పిల్లవానికి ఊరుమ్మడి పుస్తకము దొరకు కాలము అప్పటికి ఈ సీమలో ఆరంభమగుచుండెను.

చదువు ముగియకముందే వారి జీవితపు త్రోవను నిర్ణయించిన సంఘటనము జరిగెను. 1883లో కుప్పుస్వామి నాయుడుగారను భాగవతులు విజయనగరమున హరికథ చెప్పిరి. పందొమ్మిదేండ్ల యువకుడు దానిని విని, తన కంఠము, కవిత్వము, నాట్యము కలిసి వికసించు రంగము ఇదియేయని గుర్తించెను. వెంటనే ధ్రువచరిత్రమును తానే రచించి విజయనగరమున గానము చేసెను. ఆనాటినుండి మరణపర్యంతము హరికథయే వారి వృత్తియు, వ్రతమును ఆయెను.

తొలి కథకు ధ్రువుని ఎన్నుకొనుట ఆలోచింపదగినది. ధ్రువుడు అయిదేండ్ల బాలుడు. తండ్రి ఉత్తానపాదుడు రెండవ భార్య కుమారుని తొడపై కూర్చుండబెట్టుకొనియుండగా ధ్రువుడు తానును ఎక్కబోయెను. సవతితల్లి సురుచి, తన కడుపున పుట్టని వానికి ఆ తొడపై చోటు లేదని ములుకువంటి మాటతో నెట్టివేసెను. తండ్రి చూచుచు మిన్నకుండెను. బాలుడు ఏడ్చుచు తల్లి సునీతి కడకు పోయెను. సునీతికి రాజ్యాధికారము లేదు, భర్త ఆదరము లేదు. ఆమె చేత మిగిలినది మాట యొక్కటియే. ఆమె బిడ్డను ఏడువవలదని కసరలేదు. సవతిని తిట్టి బిడ్డ గుండెలో పగను నాటలేదు. కన్నీరు తుడిచి, ఎవ్వరును త్రోసివేయలేని చోటు హరిపాదములయందు కలదని దారి చూపెను.

ఒకే దినమున ముగ్గురు పెద్దలు ఒక్క బిడ్డకు ముగ్గురు గురువులైరి. ఒకరి మాట గాయము చేసెను. ఒకరి మౌనము ఆ గాయమును లోతు చేసెను. ఒకరి మాట దానిని సంకల్పముగ మార్చెను. పురాణమును వినువారు సురుచిని నిందింతురు, సునీతిని కొనియాడుదురు. ఉత్తానపాదుని మౌనమును మరతురు. ఇంట బిడ్డ అవమానపడుచుండ చూచి ఊరకుండు తండ్రులు నేటికిని కలరు. ట్రోనిక్ పరీక్షలో చలనము లేని ముఖమును చూచి కలత చెందిన శిశువు ఆ తండ్రి తొడ ముందు నిలిచిన ధ్రువునకు దూరపు చుట్టము కాదు.

తల్లి ఒడిలో భాగవతము విన్న యువకుడు మొదటి కథగ ఒక తల్లి మాట చేత లేచి నిలిచిన బాలుని కథనే చెప్పెను. తరువాత వారు రచించిన హరికథలలో ప్రహ్లాదచరిత్రము కలదు, మార్కండేయచరిత్రము కలదు. గజేంద్రమోక్షణము, అంబరీషచరిత్రము, రుక్మిణీకల్యాణము, సావిత్రీచరిత్రము, హరిశ్చంద్రోపాఖ్యానము, యథార్థరామాయణము మొదలగునవి ఎన్నో కలవు. ధ్రువుడు, ప్రహ్లాదుడు, మార్కండేయుడు మువ్వురును బాలురే. పెద్దలైన శ్రోతలను కూర్చుండబెట్టి పిల్లల కథను గౌరవముతో చెప్పుట, పిల్లవాని మాటకు సభలో చోటు కల్పించుటయే గదా.

హరికథ యొక్క స్వభావమును పరిశీలించినను ఇదియే తోచును. హరిదాసు ఉపన్యాసకునివలె తన మాట తాను చెప్పి పోడు. సభ నవ్విన నవ్వును అందుకొనును, కునుకుపట్టిన వారిని పిట్టకథతో మేల్కొల్పును, గోవిందనామమును పలికించును, విన్నవారి కనుసన్నను బట్టి కథను సాగదీయును, కుదించును. ఇచ్చిపుచ్చుకొనుటయే ఆ కళకు ప్రాణము. తల్లి జోలపాటలో మొదలైన ఆ యిచ్చిపుచ్చుకోలు వేలజనము కూర్చున్న పందిరిక్రింద పెద్దదై వినబడినది.

వారి కీర్తి త్వరలోనే కళింగసీమను దాటి చెన్నపట్టణము, బెంగుళూరు, మైసూరు వరకు వ్యాపించెను. విజయనగర ప్రభువు ఆనందగజపతిరాజుగారు వారి విద్యను మెచ్చి ఆదరించిరి. ఈ విజయనగర ప్రభువుల వంశకథ పద్మనాభవాసులకు పరాయిది కాదు. 1794వ సంవత్సరము జూలై 10వ తేదీన ఈ పద్మనాభక్షేత్రముననే జరిగిన యుద్ధమున చిన విజయరామరాజుగారు కుంపిణీ సైన్యముచేత నేలకొరిగిరి. తండ్రిని కోల్పోయిన బాలుడు నారాయణబాబును అయినవారు కొండసీమకు తరలించి కాపాడిరి. పిదప కుంపిణీవారితో ఒప్పందము కుదిరి, తగ్గిన మేరలతో సంస్థానము ఆ బాలునకు దక్కెను. ఆపదలో ఒక పసివానిని విడువని పెద్దలు కొందరుండుటచేతనే ఆ వంశము నిలిచినది. ఆ వంశము నిలుచుటచేతనే నూరేండ్ల పిదప అజ్జాడ నుండి వచ్చిన పేదబాలునకు ఆస్థానమున ఆదరము లభించినది.

నారాయణదాసుగారు హరికథకులు మాత్రమే కారు. సంస్కృతాంధ్రములతోపాటు ఇంగ్లీషు, పారసీకము, అరబ్బీ, ఉర్దూ మొదలగు భాషలను పరిశ్రమించి నేర్చిరి. 1922లో వెలువడిన నవరసతరంగిణియందు కాళిదాస, షేక్స్పియరు మహాకవుల రచనలనుండి రసవద్ఘట్టములను ఏరి తెనిగించిరి. 1932లో, అరువదియెనిమిదేండ్ల వయసున, ఉమర్ ఖయ్యాము రుబాయీలను సంస్కృతమునకును అచ్చతెనుగునకును పరివర్తించి ప్రకటించిరి. ఈసపు కథలను నూరుగంటి యను పేర తెలుగు చేసిరి. లలితాసహస్రనామములను తల్లివిన్కి యను పేర అచ్చతెనుగున వెలయించిరి. తమ యౌవనము వరకు నడచిన జీవితమును నా యెఱుక యను గ్రంథమున దాపరికము లేక చెప్పుకొనిరి.

ఇన్ని భాషలు నేర్చిన విద్వాంసుడు జీవితమంతయు అచ్చతెనుగుపై అంతటి మమకారమును ఏల పెంచుకొనెనని విమర్శకులు పలువిధముల తర్కించిరి. పాండిత్యము సంస్కృతము నుండి వచ్చియుండును. రాజసభ మర్యాదలు ఉర్దూ ఇంగ్లీషుల నుండి వచ్చియుండును. కాని మొట్టమొదట బిడ్డను పిలిచిన మాట, ఆకలి తెలిసికొన్న మాట, కథ చెప్పిన మాట ఇంటి తెలుగే. ఆ తొలిమాటల తీపి తుదివరకు వారిని విడువలేదని ఊహించుట అసంగతము కాదు.

1919వ సంవత్సరమున విజయరామగజపతిరాజుగారు విజయనగరమున సంగీతకళాశాలను నెలకొల్పిరి. విజయరామ గానపాఠశాలయని పేరుగాంచిన ఆ విద్యాలయమునకు నారాయణదాసుగారే మొదటి అధ్యక్షులైరి. సంస్థానమునకు చెందిన ఒక ఉద్యోగి కుమారునకు చూపు లేదు. ఆ బాలునకు సంగీతవిద్య చెప్పింపవలె నను తలంపే ఈ పాఠశాలకు నాంది యైనదని ఆ ప్రాంతమున ప్రతీతి. ఒక్క బిడ్డ అవసరమును పెద్దలు పట్టించుకొనగా వందలకొలది బిడ్డలకు విద్యాద్వారము తెరచుకొనెను.

ఆ యేడే ఇరువదియైదేండ్ల ద్వారం వేంకటస్వామినాయుడుగారు విద్యార్థిగ చేరవలెనని అచ్చటికి వచ్చిరి. ఆయన 1893లో బెంగుళూరున పుట్టి విశాఖపట్నమున పెరిగినవారు. కంటిచూపు మందమగుటచే బడిచదువు సాగలేదు; అన్నగారు దగ్గర కూర్చుండబెట్టుకొని వాయులీనము నేర్పిరి. ఆయన వాద్యమును విన్నవారు శిష్యుడుగ కాదు, ఆచార్యుడుగనే నియమించిరి. 1936లో నారాయణదాసుగారు పదవిని విరమింపగా నాయుడుగారే అధ్యక్షులైరి. బడి కాదన్న బాలుని ఇంటివారు కాదనకుండుటచే దేశమునకు ఒక మహావిద్వాంసుడు దక్కెను.

తరువాతి కాలమున ఘంటసాల వేంకటేశ్వరరావుగారు, పి. సుశీలగారు ఆ విజయనగర కళాశాలయందే సంగీతము నభ్యసించిరి. ఘంటసాలవారిని పసితనమున తండ్రి సూరయ్యగారు భుజములపై కూర్చుండబెట్టుకొని భజనలకు తీసికొనిపోయెడివారని ప్రసిద్ధి. తల్లి ఒడి, అన్న చేయి, తండ్రి భుజము: ముగ్గురు కళావంతులకు మొదటి పీఠములు ఇవియే. పెంచువారిలో తల్లియే ముఖ్యమని, తక్కినవారికి పని లేదని తలచుట పొరపాటు. బిడ్డను ప్రేమించి, స్థిరముగ దగ్గరనుండి, పిలిచినపుడు పలుకు మనిషి యొక్కరైనను కావలెను. అతడు తండ్రి కావచ్చును, తాత కావచ్చును, అక్క కావచ్చును. ప్రపంచారోగ్యసంస్థ కొరకు ఆంగ్ల వైద్యుడు జాన్ బౌల్బీ 1951లో సమర్పించిన నివేదికయందు, తల్లితోనో తల్లివలె సాకువారితోనో పసిబిడ్డకు ఎడతెగని వాత్సల్యబంధము ఉండవలెనని నొక్కి చెప్పెను. యుద్ధమున ఇండ్లు కోల్పోయి, తిండి దొరకియు మనిషి దొరకక కృశించిన పిల్లల దుస్థితి ఆనాడు ఐరోపాను కదిలించినది.

నారాయణదాసుగారు 1945వ సంవత్సరము జనవరి 2వ తేదీన పరమపదించిరి. ఎనుబదియేండ్ల నిండుజీవితము. వారి సంగీతకళాశాల నేడును విజయనగరమున నిలిచియున్నది. వారి హరికథలను చెప్పు దాసులును భాగవతారిణులును నేడును కలరు. లక్ష్మీనరసమ్మగారి పేర మాత్రము శిలావిగ్రహము గాని, బిరుదము గాని వినబడదు. ఆమె కుమారుని జీవితమే ఆమెకు శాసనము.

ఈ చరిత్రము పద్మనాభమునకు ఏమి చెప్పుచున్నది? ఇచ్చట పొలము పనికి పోవు తల్లులున్నారు. విశాఖపట్నమునకు ఉక్కుకర్మాగారపు పనికో, రేవు పనికో తెల్లవారకముందే బయలుదేరు తండ్రులున్నారు. పిల్లలను చూచుకొనుచు ఇంట మిగిలిన అవ్వలున్నారు. మాకు చదువు లేదు, మేమేమి నేర్పగలమని వీరిలో కొందరు నిట్టూర్చుచుందురు. గొప్ప బడిలో వేసినచో తమ బాధ్యత తీరినదని మరికొందరు తలంతురు. ఏడ్చు బిడ్డ చేత సెల్‌ఫోన్ పెట్టి, బిడ్డ ఊరకున్నదని సంతసించువారును కలరు. ఫోన్ లోని బొమ్మ ఎన్ని మాటలైనను చెప్పును. బిడ్డ అడిగిన మాటకు మాత్రము కన్నులలో కన్నులు పెట్టి బదులు పలుకదు. ఆ ముఖము నవ్వుచున్నను, బిడ్డ కొరకు నవ్వుట లేదు.

చేయవలసినది కష్టసాధ్యము కాదు. బిడ్డకు నీరు పోయునపుడు, అన్నము కలుపునపుడు, నిద్రపుచ్చునపుడు మాటాడవలెను. బిడ్డ చేసిన ధ్వనికి తిరిగి ధ్వని చేయవలెను. అడిగిన ప్రశ్నను కసరి త్రోయక, తెలిసినంత చెప్పి, తెలియనిదానిని కలిసి వెదకవలెను. 1975 అక్టోబరు 2న ఈ దేశమున ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము వలన ఊరూర అంగన్వాడీ కేంద్రములు వెలసినవి. అచ్చట పౌష్టికాహారముతోపాటు ఆటయు, పాటయు, కథయు కూడ బిడ్డకు అందవలసిన వస్తువులే. గ్రుడ్డు, పాలు అందినవా యని విచారించు తలిదండ్రులు, నేడు ఏ కథ చెప్పిరని కూడ బిడ్డను అడుగుట మంచిది. అడిగినచో బిడ్డ ఆ కథను ఇంట తిరిగి చెప్పును. తిరిగి చెప్పుటయే సగము చదువు.

కార్తీకమాసపు అమావాస్యనాడు అనంతపద్మనాభస్వామి కొండమెట్ల పొడవునను దీపములు వెలుగునపుడు అవ్వల చేతులు పట్టుకొని పసివారు మెట్లెక్కుచుందురు. ఈ మెట్లు ఎవరు కట్టిరి, ఇన్ని దీపము లెందులకు, గోస్థని ఎచ్చటికి పోవుచున్నదని అడుగుచునే యుందురు. ఆయాసపడుచు ఎక్కు అవ్వ ఒక్క మెట్టుపై ఆగి బదులు చెప్పినచో ఎక్కుట కొంచెము ఆలస్యమగును. ఆ బిడ్డ మాత్రము ఒక మెట్టు పైకి పోవును.

ఇరువదియైదు సంవత్సరములుగ ఈ గ్రంథాలయము ఊరివారికి పుస్తకముల నిచ్చుచున్నది. పుస్తకము తీసికొనిపోవు పాఠకుడు ఇంటికి పోయి తాను మాత్రమే చదువుకొని తిరిగి ఈయవచ్చును. ఆ రాత్రి ఒక్క కథనైనను దీపముకడ కూర్చుండి బిడ్డకు చదివి వినిపింపవచ్చును. నడుమ బిడ్డ ఆపి అడిగినపుడు విసుగుకొనక చెప్పవచ్చును. ఎవరి యింట ఏ బిడ్డ వినుచున్నదో, విని ఏమి కాగలదో ముందుగ ఎవరికిని తెలియదు. అజ్జాడలో ఆ తల్లికిని తెలియదు.